పసుపు ఎర్రబడ్డ మాండలిన్

సదర్ బజార్‌లో ఇత్తడి గిన్నెల కొట్టు మీదున్న గదే ఆండాళ్ గారి ఆఫీసు. కింద కొట్టువాడు కొత్త బిందెల మీద పేర్లు కొడుతున్నంతసేపూ పైనున్నవాళ్ళు గొంతు పెంచి మాట్లాడుకోవలసిందే. ఆ గదిలో గుట్టుగా ఏడవడం ఎవరి తరమూ కాదు. ఆ మధ్యాహ్నం వానలో తడిసి వచ్చిన తనూజ కూడా గట్టిగానే ఏడ్చింది.

“మా తమ్ముణ్ణి సంఘం హాల్లో స్టోరు గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసీసేరు మేడం. దీపాలు పెట్టే వేళకి తప్పు ఒప్పుకోకపోతే పోలీసు థానాకి ఫోన్ చేస్తారంట. కేసు పడితే వాడి నౌకరీ పోయినట్టే. రైల్వే పరీక్ష పాసయ్యేడు, మెడికల్ అయింది, ఇక పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది.”

ఆండాళ్ మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపింది. వరంగల్ వైపు మనిషి. బొగ్గు కంపెనీ విజిలెన్సులో ఏళ్ళ తరబడి దొంగ లోడ్లు పట్టిన కళ్ళు ఆవిడవి. ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే తొందరపెట్టదు, ఓదార్చదు. ఏడుపు దానంతట అదే అలసిపోయేదాకా కూర్చుంటుంది.

అసిస్టెంటు గిరిబాబు ఈ హిందీ ఊళ్ళోనే, రైల్వే కాలనీ తెలుగువాళ్ళ మధ్య పుట్టి పెరిగినవాడు. ఇదివరకు పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. పెళ్ళికూతురి కంట్లో నీళ్ళు ఏ క్షణాన తిరుగుతాయో ముందే చెప్పగలనని అతని ధీమా. మేడం ఏ క్షణాన ఏం అడుగుతుందో మాత్రం ఇంతవరకూ అతనికి అంతు చిక్కలేదు.

“మొదట్నించీ చెప్పమ్మా” అంది ఆండాళ్.

తనూజ చెప్పింది. లోకోషెడ్డులో మెషినిస్టుగా చేసిన సత్యనారాయణ తాత ఒక మాండలిన్ చేశాడు. దాని మెడ చెక్కది కాదు, అల్యూమినియంది. దాన్ని కోస్తున్నప్పుడే మిషన్ ఆయన చిటికెనవేలి కొస తీసుకుపోయింది. ఆయన పోయాక మాండలిన్ తెలుగు సంఘానికి వచ్చింది. ఏడాదికోసారి, విశ్వకర్మ పూజనాడు మాత్రం స్టోరు గది బీరువాలోంచి తీస్తారు. షెడ్డులో పనిముట్లకు పెట్టినట్టే దానికీ పసుపు రాసి, హారతిచ్చి, ఒక్క పాట వాయించి మళ్ళీ లోపల పెట్టేస్తారు. తాత దగ్గర వాయించడం నేర్చుకున్నవాడు కాబట్టి స్టోరు తాళాలు తనూజ తమ్ముడు నాగేంద్ర దగ్గరే ఉంటాయి.

“ఈవేళ పసుపు రాసింది కూడా వాడే. హారతి అయ్యేలోపల...” తనూజ కొంగుతో మొహం తుడుచుకుంది. “రక్తం మేడం. మెడ మీద మెట్టు మెట్టు కిందా ఎర్రగా రక్తం. సచ్చీ, ఒట్టు. ఆడోళ్ళందరూ కేకలేసేరు. తిరుమలరావు పెదనాన్న తీగ మీటితే ఖాళీ డబ్బా కొట్టినట్టు మోగింది. ఇది మన సత్యం చేసింది కాదు, ఎవడో మార్చీసేడు అన్నారు. తాళాలు ఎవరి దగ్గరున్నాయి? నాగేంద్ర దగ్గర. పసుపు ఎవరి చేతిలో రక్తమయింది? నాగేంద్ర చేతిలో. ఆ తాతే దొంగని చూపించేడంటున్నారు.”

ఆమె ఒళ్ళోని ఫోను మోగింది. తెర మీద ఒకతను మాండలిన్ గుండెలకు హత్తుకుని పళ్ళికిలిస్తున్న ఫొటో. వెనక బ్యానర్ మీద తెలుగు అక్షరాలు. గిరిబాబు అలవాటుగా చదవబోయాడు, ఒక్కటీ కొరుకుడు పడలేదు. హిందీ బళ్ళో చదివిన పాపం అనుకుని చూపు తిప్పుకున్నాడు.

“మా ఆయన, దిలీప్” అంటూ తనూజ ఫోను కట్ చేసింది. “ఇలా వస్తానంటే వద్దన్నారు. ఇంటి పరువు బజార్న పడీకు, వాడిచేత తప్పయిందని చెప్పించు, మిగతాది నేను సర్దుతాను అన్నారు. చెయ్యని తప్పు ఎలా చెప్పిస్తాను?”

ఆండాళ్ కళ్ళజోడు సవరించుకుంది. “నాదొక పద్ధతుంది. దొంగ పేరు చెవిలో చెప్పను, నలుగురిలో చెప్తాను. తర్వాత ‘వద్దులెండి మేడం’ అంటే కుదరదు. ఇష్టమేనా?”

“మా తమ్ముడి పేరు నలుగురిలోనే కదా తీసేరు. ఆ దొంగ ఎవడైతేనేం, నలుగురిలోనే చెప్పండి.”

కాలనీలో సంఘం హాలు ముందు ఒక టెంపో నిలబడి ఉంది. దాని నెత్తిమీద పొడుగాటి అల్యూమినియం బద్దీలు తాళ్ళతో కట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి ఉన్నాయి. హాల్లో కొత్త సున్నం వాసన, బూందీ వాసన, తడి చెప్పుల వాసన కలగలిసి ఊపిరి సలపకుండా ఉంది. వాన జల్లు రాకుండా కిటికీలన్నీ మూసేశారు. అవి కొత్త స్లైడింగ్ కిటికీలు. వాటి బంగారు రంగు చట్రాలు ఆ మబ్బు వెలుతుర్లో కూడా మెరుస్తున్నాయి. పూజకొచ్చిన జనం ఇళ్ళకు వెళ్ళక, ఉండలేక, గోడల వెంట కూర్చుని ఉన్నారు.

సంఘం ప్రెసిడెంటు తిరుమలరావు ఎదురొచ్చాడు. రిటైరయిన లోకో పైలట్. నిలబడితే ఇప్పటికీ సిగ్నల్ స్తంభమే.

“డిటెక్టివ్‌లూ గిటెక్టివ్‌లూ ఎందుకమ్మా? ఇది మా ఇంటి గొడవ.”

“ఇంటి గొడవైతే పోలీసులెందుకండీ?” అంది ఆండాళ్ మెత్తగా.

ఆయన మీసం దువ్వుకుని పక్కకు జరిగాడు. మాండలిన్ ఉన్న బల్ల చూపించాడు.

ఆండాళ్ దాన్ని ఒంటిచేత్తో లేపింది. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా చూసింది. నల్లరంగు చెక్క బుర్ర పాతదే. దానికి బోల్టులతో బిగించిన మెడ బంగారు రంగులో ఉంది. మోటు తీగల కింద రంగు పోయి తెల్లటి మెరుపు తేలింది. సన్న తీగల కింద రంగు చెక్కుచెదరలేదు. పూసిన పసుపు మెడ పొడుగునా పసుపుగానే ఎండింది. మెట్ల మొదళ్ళలో మాత్రం, దారం పోగు పెట్టినట్టు, సన్నగా ఎర్రటి గీతలు.

“సత్యనారాయణ గారు మెట్లు దేంతో చేశారు?”

“దేంతో ఏటమ్మా!” తిరుమలరావు గొంతులో మొదటిసారి వేడి తగ్గింది. “వీణకైతే మైనంలో గుచ్చుతారు. బజార్లో మాండలిన్‌కి గాడి కోసి అందులో తీగముక్క దిగ్గొడతారు. మావాడు అలా చెయ్యలేదు. ఒక దిమ్మ పట్టుకుని మెట్లు వదిలి మిగతాదంతా కోసీసేడు. మెడా మెట్లూ ఒకటే లోహం, ఒకటే ముక్క. తర్వాత యాసిడ్ తొట్టెలో పెట్టి కరెంటిచ్చి ఆ బంగారు రంగు పట్టించేడు. అది పైన పూసిన రంగు కాదమ్మా, లోహంలోంచే పుట్టిన పొర. బ్లేడుతో గీకినా రాదు. ఆయన వేళ్ళ కింద ఏళ్ళకేళ్ళు నలిగి నలిగి అరిగిందంతే.”

“ఎక్కడ అరిగింది?”

“వాయించిన చోట.”

పక్కనుంచి నవ్వు వినబడింది. అరచేతిలో ఖైనీ, సున్నం నలుపుకుంటున్న రాజేంద్రది. సత్యనారాయణ మనవడు. “మా తాత చేసిన వస్తువు మాకిమ్మని మొన్న మీటింగులో అడిగేను. సంఘానిది, సంఘం దగ్గరే భద్రంగా ఉంటాదన్నారు. ఎంత భద్రంగా ఉందో చూసేరు కదా పెద్దలు!”

“నువ్వు అడిగింది వాయించడానికేటి, షోకేసులో పెట్టుకోడానికి” అన్నాడు తిరుమలరావు.

“మీరెక్కడ పెట్టుకున్నారు మరి? బీరువాలోనే కదా!”

గిరిబాబు మేడం చెవి దగ్గరకు వంగాడు. “వీడి మీద నాకు డౌటుగా ఉంది.”

“ఊ” అంది ఆండాళ్. ఆ ‘ఊ’కి అర్థం లేదని గిరిబాబుకు బాగా తెలుసు.

ఇంతలో దిలీప్ టీ గ్లాసులతో వచ్చాడు. మెత్తటి మనిషి, మాట మాటకీ నవ్వు. “మేడం, మా తనూజ కంగారు పడిపోయి మీకు శ్రమ ఇచ్చింది. కుర్రాడు ఏదో తెలియక చేసి ఉంటాడు. క్షమించమంటే పెద్దలు క్షమించీరా? పెదనాన్న గారి మనసు వెన్న.”

“టీ బాగుంది” అంది ఆండాళ్, ఇంకా తాగకుండానే. “స్టోరు తలుపు తీయించండి.”

స్టోరు గది నిండా బీరువా, మడత కుర్చీలు, వంట డేగిసాలు, పందిరి గుడ్డలు. వాటి మధ్య ఖాళీ దొరికినంత మేర ఒక కుర్చీ, అందులో నాగేంద్ర. వాళ్ళు లోపలికి రాగానే లేచాడు. తల పైనున్న అటకకు తగిలేలా ఉందని మళ్ళీ కూర్చున్నాడు. ఒకే ఒక్క కిటికీ. దానికి కూడా కొత్త బంగారు రంగు చట్రం, బయట ఇనుప ఊచలు. ఆ ఊచల్లోంచి కనిపించేది పక్క క్వార్టరు గోడ, ఆ గోడ మీద కారుతున్న వాన.

“తాళాలు ఎవరికైనా ఇచ్చావా?” అడిగింది ఆండాళ్.

“లేదు మేడం.”

“ఒక్క పూటకైనా?”

“లేదు. నా మొలతాడుకే ఉన్నాయి.”

“ఈ గదిలోకి నువ్వు కాక ఇంకెవరూ రాలేదు?”

“రాలేదు.”

ఆండాళ్ కిటికీ దగ్గరకెళ్ళి చట్రం అంచున వేలు పెట్టి నడిపించింది. ఒక స్క్రూ దగ్గర ఆగి గోటితో తట్టింది. తర్వాత నాగేంద్ర వైపు చూసింది. అతను ఆ వేలినే చూస్తున్నాడు. అతని ముఖంలో రంగు దిగిపోవడం గిరిబాబు కూడా చూశాడు.

“మేడం” అన్నాడు నాగేంద్ర, గొంతు తగ్గించి. “అక్క బయట ఉందా?”

“ఉంది.”

“అయితే నేనే తీసేనని చెప్పీండి. కాగితం తెండి, సంతకం పెడతాను.”

“నీ ఉద్యోగం?”

“పోతే పోనీండి.”

“తీసినవాడివైతే వస్తువెక్కడ దాచావో చెప్పు.”

నాగేంద్ర కిటికీ ఊచల వైపు తిరిగాడు. నిజం చెప్పడానికీ దారి లేదు, అబద్ధం పూర్తి చెయ్యడానికీ దారి లేదు. ఊచలు కిటికీకే కాదు, ఈ అబ్బాయి నోటికి కూడా ఎవరో బిగించారనిపించింది గిరిబాబుకు.

“అందర్నీ పోగుచెయ్యి” అంది ఆండాళ్ బయటికొస్తూ.

హాలు మధ్య బల్ల చుట్టూ జనం మూగారు. నాగేంద్రను కూడా తీసుకొచ్చి నిలబెట్టారు. తనూజ అతని చెయ్యి పట్టుకుంది. దిలీప్ ఆమె వెనక నిలబడ్డాడు.

“రాజేంద్ర గారూ, మీ సున్నం డబ్బీ ఒకసారి ఇస్తారా?”

రాజేంద్ర తెల్లమొహం వేసి ఇచ్చాడు. ఆండాళ్ హారతి పళ్ళెంలో మిగిలిన పసుపు వేసి, నీళ్ళు చిలకరించి, చిటికెడు సున్నం కలిపింది. వేలితో తిప్పిందో లేదో పళ్ళెం ఎర్రబడింది.

“ఒలమ్మో, హారతి నీళ్ళే కదా!” అంది వెనకనుంచి అసిరమ్మ, కాలనీలో పెళ్ళికూతుళ్ళందరికీ దిష్టి తీసిన ముసలమ్మ.

“అవే. మీ చేత్తో ఎన్నిసార్లు కలిపారో! అదే ఎరుపు మాండలిన్ మీద కనబడేసరికి రక్తమన్నారు. భయం అలాంటిది” అంది ఆండాళ్. “దీని మీద సున్నం లేదు. సున్నంలాంటిదే, అంతకన్నా ఘాటైంది ఉంది. మోరీ మూసుకుపోతే పోస్తాం చూడండి, కాస్టిక్ సోడా. అది తగిలినా పసుపు ఎర్రబడుతుంది.”

“దాన్నెందుకు పోస్తారు దీని మీద?” అన్నాడు తిరుమలరావు.

“బ్లేడుకు రాని పొర దానికి ఊడుతుంది కాబట్టి. దొంగ ఒక కొత్త మెడ చేశాడు. కొత్తది కొత్తగా ఉంటే పట్టుబడిపోతాడు. అందుకని వేళ్ళకింద అరిగినట్టు కనబడాలని అక్కడక్కడ కాస్టిక్ రాసి పొర తినిపించాడు. పైపైన శుభ్రంగా తుడిచాడు. కానీ మెట్ల మొదళ్ళలోకి దిగింది తుడుపుకి రాలేదు. దిగడానికి చోటెక్కడిది? గాడి కోసి మెట్లు దిగ్గొట్టాడు కాబట్టి సందుంది. సత్యనారాయణ గారి మెట్లకైతే సందే లేదు. దొంగకు ఆ సంగతి తెలియదు. మనవడు రాజేంద్రకు తెలుసు, శిష్యుడు నాగేంద్రకు తెలుసు, మీకూ తెలుసు.”

హాల్లో గుసగుస మొదలై ఆగింది.

“ఇంకొకటి. పాట నడిచేది ఎక్కువగా సన్న తీగల మీద. అరగవలసింది వాటి కింద. ఇక్కడ అరిగింది మోటు తీగల కింద. ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాడు ఆ పొరపాటు చెయ్యడు. అద్దంలో చూసి చేసినవాడు చేస్తాడు. దిలీప్ గారూ, మీ ఆవిడకు ఒకసారి ఫోన్ చెయ్యండి.”

దిలీప్ నవ్వాడు. “పక్కనే ఉంది కదా మేడం.”

“అయినా చెయ్యండి.”

అందరూ చూస్తున్నారు. దిలీప్ ఫోను తీశాడు. వేలు నొక్కడానికి కాస్త ఆలస్యమైంది. తనూజ చేతిలో ఫోను మోగింది, తెర మీద అదే నవ్వు, అదే మాండలిన్.

“గిరిబాబూ, వెనక బ్యానర్ చదువు.”

“నాకు తెలుగు సరిగా రాదు మేడం, ఇందాకే చూసేను...”

“నీ తెలుగుకేం దోషం లేదు. తిరుమలరావు గారూ, మీరు చదవండి.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫోను దగ్గరా దూరమూ జరిపాడు. “ఇదేటి, అక్షరాలు తిరగబడున్నాయి!”

“నిరుడు పూజనాడు తీసుకున్న సెల్ఫీ. ఫోను అద్దంలా తీసింది. కుడి ఎడమైంది. ఈ ఫొటో ముందు పెట్టుకుని చేసిన మెడే ఇది.” ఆండాళ్ గిరిబాబు అందించిన స్పానరుతో బోల్టులు విప్పి మెడను విడదీసింది. లోపలంతా డొల్ల. కొసన చెక్కముక్క బిగించి ఉంది. “డబ్బాలా మోగక ఏం చేస్తుంది?” ఆ మెడను తీసుకెళ్ళి పక్క కిటికీ చట్రానికి ఆనించింది. రెండూ ఒకటే బంగారు రంగు. ఎక్కడ చట్రం ఆగిందో ఎక్కడ మెడ మొదలైందో కనబడలేదు.

“ఈ కిటికీలు ఎవరు పెట్టారు?”

అందరి కళ్ళూ కిటికీల కాంట్రాక్టరు దిలీప్ మీద ఆగాయి.

“స్టోరు కిటికీ స్క్రూలు లోపలి వైపునుంచి బిగించి ఉన్నాయి. లోపలికి ఎవరూ రాలేదని నాగేంద్ర నాతో అన్నాడు. అబద్ధం. బావకి తాళాలిచ్చాడు. అడిగితే చెప్పడు. ఎందుకు చెప్పడో నేను చెప్పక్కర్లేదు.”

తనూజ తమ్ముడి చెయ్యి వదిలేసింది. నాగేంద్ర తల దించుకున్నాడు.

“అసలు మెడ ఎక్కడుంది?” తిరుమలరావు గొంతు హాలంతా మోగింది.

“అల్యూమినియం ఎక్కడ పెడితే కనబడకుండా ఉంటుంది? అల్యూమినియంలో. గిరిబాబూ, బయట దిలీప్ గారి టెంపో మీది పట్టా తియ్యి.”

గిరిబాబు వానలోకి పరుగెత్తాడు. తాళ్ళు విప్పి బద్దీల కట్టలో చెయ్యి పెట్టి వెతికితే, గోనెగుడ్డ చుట్టిన ఒకటి మిగతావాటికన్నా బరువుగా తగిలింది. లోపలికి తెచ్చి విప్పాడు. రాజేంద్ర దాన్ని అందుకుని మెట్ల మీద బొటనవేలు నడిపించాడు. అతని నోట్లో ఖైనీ నమలడం ఆగింది. “మా తాతదే” అన్నాడు.

దిలీప్ కుర్చీలో కూలబడ్డాడు. “రాయ్‌పుర్‌లో ఒక బిల్డరు నా ఫొటో చూసేడు. వాయిద్యాల పిచ్చి ఆయనకి. ఆ లోహపు మెడ తెచ్చిస్తే చాలు, బిల్డింగు మొత్తం కిటికీల పని నీదే అన్నాడు. ఏడాదికోసారి తీసే వస్తువు, ఎవడికి తెలుస్తాది అనుకున్నాను. బావమరిదిని ఇరికిద్దామని కాదు. ఒట్టు.”

“గొళ్ళెం వేసినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు కదా?” అంది తనూజ. ఇందాకటిదాకా ‘మా ఆయన’ అన్న మనిషి నోట ‘నువ్వు’ వచ్చింది.

దిలీప్ స్టోరు తలుపు వైపు చూశాడు.

“తలుపు దగ్గరకెళ్ళి వాడితో ఏటి చెప్పేవు? ఒప్పుకోమన్నావు. ఒప్పుకోకపోతే అక్క కాపురం ఏటవుతాదో చూసుకో అన్నావు. కదూ?”

అది ఊహే. కానీ నాగేంద్ర ఒక్కసారి కళ్ళెత్తి మళ్ళీ దించుకోవడంతో అందరికీ అర్థమైపోయింది.

తిరుమలరావు నాగేంద్ర భుజం మీద చెయ్యి వేశాడు. “తప్పు చేసీసేం బాబూ. నీమీద ఏ కాగితమూ ఎక్కడికీ వెళ్ళదు.” తర్వాత జేబులోంచి ఫోను తీసి, నొక్కకుండా తనూజ వైపు తిరిగాడు. “మీ ఆయన సంగతి నువ్వే చెప్పమ్మా. నువ్వు వద్దంటే ఈ నాలుగు గోడల మధ్యే ఉండిపోతాది.”

తనూజ ఆండాళ్ వైపు చూసింది. ఆండాళ్ చూపు తిప్పుకోలేదు, సాయమూ రాలేదు. నలుగురిలో చెప్పమన్నదీ తనే, ఆ నలుగురూ ఇప్పుడు తన నోటివైపు చూస్తున్నారు.

“నా తమ్ముడికేటి చేద్దామనుకున్నారో, అదే చెయ్యండి” అంది తనూజ. “తక్కువా వద్దు, ఎక్కువా వద్దు.”

తిరుమలరావు ఫోను చెవికి పెట్టుకున్నాడు.

అసిరమ్మ పళ్ళెంలో కొత్తగా పసుపు కలిపింది. రాజేంద్ర పట్టుకుంటే అసలు మెడకు మెట్టు మెట్టునా రాసింది. అందరూ వంగి చూశారు. పసుపు పసుపుగానే ఉంది. బోల్టులు బిగించి తీగలు కట్టమని రాజేంద్ర దాన్ని నాగేంద్రకే ఇచ్చాడు.

నాగేంద్ర అందుకుని అక్క కోసం చుట్టూ చూశాడు. కనబడలేదు. గిరిబాబుకు కనబడింది. స్టోరు గదిలో మడత కుర్చీల మధ్య, ఇందాక తమ్ముణ్ణి కూర్చోబెట్టిన కుర్చీలోనే కూర్చుని ఉంది. కిటికీ ఊచల్లోంచి పక్క క్వార్టరు గోడ చూస్తోంది.

“పిలవనా మేడం?” అన్నాడు గిరిబాబు.

ఆండాళ్ తల అడ్డంగా ఆడించింది. నాగేంద్ర మాండలిన్ బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా దీపాలు పెట్టేదాకా ఆ గదిలోంచి ఎవరూ బయటికి రాలేదు.